చుక్కల వెనక మాటలు

ఆ ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా టైపు కొడుతున్న ఆమెను అందరూ టైపిస్టక్క అనేవారు. ఆమెది ఏ జాతో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పక్క బల్లల దగ్గర కొండవాళ్లమీద జోకులు పేలితే తనూ పెదవి చివర నవ్వేది. ఉద్యోగం కోసం నవ్వే నవ్వు.

కొండవాళ్లలాంటి మూలవాసులను దూషించి, వాళ్లమీదికి జనాన్ని ఉసిగొల్పేవారిని శిక్షించే చట్టం తేవాలా వద్దా అని ప్రభుత్వం వేసిన ఒక సంఘం సాక్షులను పిలిచి వింటోంది. రికార్డయినదంతా కాగితం మీదికి ఎక్కించే పని టైపిస్టక్కది. ఆఫీసులో పాత ఆనవాయితీ ఒకటుంది: వినకూడని మాట వస్తే అక్కడ చుక్కలు పెట్టాలి. పెద్దల కళ్లు పాడవకూడదు కదా. అలవాటుకొద్దీ మొదటి ఆరుగురి వాంగ్మూలాల్లోనూ చుక్కలు పెట్టేసింది. అవి చదివిన సభ్యుడొకడు, చుక్కలు తప్ప నేరమేదీ కనబడడం లేదు, ఇక చట్టమెందుకు అన్నాడట. రేపు ఉదయం తేల్చేస్తారు.

ఏడో సాక్షి గొంతు చెవిలో పడగానే ఆమె టైపు ఆపేసింది. అది అమ్మ పోయాక తనను పెంచిన పిన్ని గొంతు.

"ఆసుపత్రి గేటు ముందు ఒకడు మైకు పట్టుకున్నాడు బాబూ. మేం కొండవాళ్లం పురుగులమంట. మందు కొడితేగానీ ఊరు బాగుపడదంట. అందరూ చప్పట్లు కొట్టారు. నా కోడలు అక్కడే నొప్పులు పడుతోంది."

పిన్ని గొంతు వణకలేదు. టైపిస్టక్క ఒక్క చుక్క కూడా పెట్టకుండా కొట్టింది.

సూపరింటెండెంటు కాగితం చూసి మొహం చిట్లించాడు. "ఇవాళే చేరావా ఏంటి? చుక్కలు పెట్టి పట్రా."

"పెట్టను సార్."

"నీకెందుకమ్మా అంత పట్టింపు?"

ఇన్నేళ్లూ కాపాడుకున్న గుట్టు ఈ ఒక్క మాటతో పోతుంది.

"ఆవిడ మా పిన్ని సార్."

పక్క బల్లల మీద కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. నిన్న కొండవాళ్లమీద జోకు వేసినవాడు నేల చూపులు చూశాడు. సూపరింటెండెంటు కాగితం మళ్లీ మొదటినుంచీ చదివాడు. చదివి ఆమె ముందుకు తోశాడు.

"ఎవరైనా అడిగితే నేను చూడలేదంటాను. సంతకం నువ్వే పెట్టుకో."

ఆమె పూర్తి పేరుతో పెట్టింది. ఇంటిపేరు చూస్తే ఏ కొండవాళ్లో ఎవరికైనా తెలిసిపోతుంది.

"మిగతా ఆరూ ఇవ్వండి సార్, మళ్లీ కొట్టాలి. వాటిని పాడుచేసింది నేనే."

ఆయన బీరువా తాళాలు బల్లమీద పడేశాడు. ఆమె మొదటి ఫైలు తెరిచి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది.