బాపు బాగుందన్న నాయిస్

మొదటిసారి నాయిస్ మ్యూజిక్ విన్నప్పుడు ఇయర్‌ఫోన్స్ చెడిపోయినయనుకున్న. నేను సూరత్‌ల చీరల వీడియోలు ఎడిట్ చేస్త. మా ఆఫీసుల పక్క సీటు అమ్మాయి రెండు ముక్కలు పంపింది. పాట లేదు, తాళం లేదు. గరగర, కీచు, మళ్ల గరగర. "అరె యార్, పైసలిచ్చి గీ లొల్లి వింటరా?" అన్న. "హా, వింటరు" అన్నది. నేను నోరెళ్లబెట్టిన. పుట్టినప్పటి సంది బట్ట నేసే సాంచాల చప్పుడుల బతికినోళ్లం, మాకు ఫుకట్‌గ దొరికేదాన్ని మంది టికెట్ కొని వింటున్నరా!

నవ్వుకుందమని ఇంటికొచ్చి బాపుకు వినిపించిన. మా బాపు నేను పుట్టకముందు నుంచి సాంచాలు నడుపుతున్నడు. కోసాడ్‌ల మా ఇంట్ల మంచం మీద కూసొని, కండ్లు మూసుకొని రెండు ముక్కలూ పూర్తిగ విన్నడు. నవ్వలే. "మొదటిది మంచిగున్నది. రెండోది ఉత్త లొల్లి" అన్నడు.

నాకు దిమ్మ తిరిగింది. లొల్లిల కూడ మంచీ చెడూ ఉంటదా?

"మొదటిదాంట్ల అడుగున ఇంకో చప్పుడు నడుస్తున్నది బిడ్డ, మెల్లగ మారుతున్నది. వాడు వినుకుంట చేసిండు. రెండోడు వాల్యూం పెంచి చాయ్ తాగనీకి పోయిండు."

మళ్ల విన్న. నిజమే, వాయమ్మో! ఆ గరగర కింద సన్నగ ఏదో కదులుతున్నది. గంతే, నాకు పిచ్చి పట్టింది.

నేనే చేయబట్టిన. మిక్సీ, లిఫ్టు, రింగ్ రోడ్డు మీది హారన్లు రికార్డు చేసి, కంప్యూటర్ల సాగదీసి కలిపేదాన్ని. బాపు మొహమాటం లేకుంట తీసిపారేసేటోడు. "దీంట్ల దమ్ము లేదు, జర ఆగి చెయ్" అనేటోడు. ఏడ్చి మళ్ల చేసేదాన్ని. ఎప్పుడో ఒక్కసారి బాగుందంటే వారమంత గాల్ల తేలేదాన్ని.

గసోంటి మనిషి ఈ మధ్య అన్నీ బాగున్నయంటున్నడు. చెత్తకు గూడ బాగుందే. నాకు ఒళ్లు మండేది. "వింటలేడమ్మా, నన్ను వదిలించుకుంటున్నడు" అని అమ్మతోని కొట్లాడిన. "బాగుందన్నా తప్పేనే నీకు?" అన్నది అమ్మ. ఆమెకేం తెలుసు? వేసూ దిక్కు ఒక కేఫేల నన్ను మొదటిసారి వాయించమన్నరు. ఏది వాయించాల్నో ఉన్నదున్నట్టు చెప్పేటోడు నాకు బాపు ఒక్కడే.

అందుకే సెలవునాడు పగటిపూట ఆయన చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టి ఖాళీ ఫైలు నడిపిన. దాంట్ల ఒక్క చప్పుడు లేదు. ఇయ్యాల దొరుకుతడు, కడిగిపారేస్త అనుకున్న. బాపు కండ్లు మూసుకున్నడు. తల గూడ ఊపిండు. కొంచెం సేపటికి నేను భుజం తడితే కండ్లు తెరిచి, "బాగుంది బిడ్డ. చివర్ల ఇంకా బాగుంది" అన్నడు.

మస్తు కోపమొచ్చింది. ఇయర్‌ఫోన్స్ గుంజుకొని, ఆయన మొహం గూడ చూడబుద్ధి కాక అటు తిరిగి అరిచిన. "అందుల ఏం లేదు బాపు! ఖాళీ! ఎందుకీ అబద్ధాలు?" వంటింట్ల నుంచి అమ్మ గరిటె పట్టుకొని ఉరికొచ్చింది. పక్కింటామె తలుపు తీసింది. నేను వెనక్కి తిరిగి చూసిన. బాపు తువ్వాలతోని మెడ తుడుసుకుంటున్నడు, తాపీగ.

నా అరుపు పక్కింటిదాక పోయింది, బాపు దాక పోలే. సాంచాల కాడ మాట వినపడదు, ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటనే మాట్లాడుకుంటరు. మా బాపుకు ఇంట్ల గూడ అదే అలవాటు, ఎవరు మాట్లాడినా నోటి దిక్కే చూస్తడు. అలవాటే గద అనుకున్నం. ఎవరికి అనుమానమొస్తది? దేవుడా, ఎన్ని దినాల సంది?

ఎదురుంగ పోయి నిలబడ్డ. గొంతు బయటికి రానియ్యలే. ఉత్త పెదవులే కదిపిన: "బువ్వ తింటవా?"

"తింట" అన్నడు బాపు. నా మొహం దిక్కు చూసి పరేషానయిండు. "ఏందే, ఏడుస్తున్నవ్? ఒట్టు బిడ్డ, నిజంగనే బాగుంది."