పెన్నేటికి అడ్డం పోసిన మా కట్ట

వానలు తగ్గి పెన్నేరు ఎండిపోయిందని అందరూ చెప్పుకుంటారు. మొన్న రొద్దం దగ్గర మా ఊళ్లో ఏటి కట్టలు తీసేసి, వరద నీళ్లు మునుపటి మాదిరి చేలమీద పరుచుకునేటట్టు చేయాలని అధికారులు మీటింగు పెడితే, మా తమ్ముడు ముందు కుర్చీలో కూర్చుని ఆ పాటే ఎత్తుకున్నాడు. శుద్ధ అబద్ధం. మా చిన్నప్పుడు మాత్రం వానలు ఏటేటా కురిసినాయా? నా ఈడువాళ్లకు ఆ కరువులు నేను చెప్పాలా? ఏటిని ఎండగట్టింది మేము.

అప్పట్లో ఏటి పక్క చేనికి గట్టు ఉండేది కాదు. ఈ దరిలో మావాళ్లు గానీ, ఆ దరిలో గొర్రెలు మేపుకునే కుటుంబాలు గానీ గంపెడు మన్ను పోయకూడదని కట్టుబాటు. ఒక దరి ఎత్తు పెరిగితే ఏరు రెండో దరిమీద పడుతుందని మా అవ్వ చెప్పేది. ఏరొచ్చే కాలానికి బావి దగ్గరి ఇంజను విప్పి మిట్టకు చేర్చేవాళ్లు, నీళ్లొచ్చి చేలో నాలుగు దినాలు పండుకుని పోయేవి, మిగిలిన ఒండ్రు ఎండి పెనం మీది ఓళిగ అంచుల్లాగా పైకి లేస్తే పిల్లలం దాన్ని పటపటా తొక్కుతూ తిరిగేవాళ్లం, అవ్వేమో ఆ తేమ ఆరకముందే అనపలు చల్లించమని ఇంటిల్లిపాదినీ తరిమేది. ఎండాకాలంలోనూ బావిలోకి వంగితే మన మొహం మనకు కనపడేది.

హిందూపురంలో పట్టుగూళ్లకు మంచి ధర పలుకుతోందని మా నాయన ఆ చేలో మల్బరీ పెట్టినాడు. అది మునిగితే పురుగులకు మేతెక్కడిది? కట్టుబాటు పక్కనపెట్టి, ట్రాక్టర్లతో మన్ను తోలించి కట్ట పోయించినాడు; ఆయన్ను చూసి ఊళ్లో మిగతావాళ్లూ పోయించినారు. చేను మునగలేదు, నిజమే. నిలిచి ఇంకడానికి జాగాలేక ఏరు ఉరుక్కుంటూ పోయింది. నేను ధర్మవరంలో కాలేజీ చదువు ముగించుకుని వచ్చేసరికి బావి ఎండింది, తర్వాత వేసిన బోర్లూ ఎండినాయి.

మీటింగులో మిగతావాళ్లంతా ఒప్పుకున్నారు, మా తమ్ముడు తప్ప.

“ఏమక్కా, నీ చదువంతా నా చేను మీదనే చూపిస్తాండావా? నీళ్లు నిలిస్తే మల్బరీకి నువ్వొచ్చి గొడుగు పడతావా?”

“యాడ పట్టాల్రా, మల్బరీకా, నీ నెత్తికా? మిట్ట చేను బీడుగానే ఉండాది గదా, ఆడ పెట్టుకో.”

జనం నవ్వినారు. వాడు నవ్వనూ లేదు, ఒప్పుకోనూ లేదు; అధికారులు ఆలోచించుకోమని బతిమాలి, మా కట్ట ఒక్కటీ వదిలేసి పోయినారు.

నిరుటి వానలకు ఏరొచ్చినప్పుడు మా మల్బరీ ఆకు తడవలేదు. ఎదురు దరిలో, మేము చిన్నమ్మా అని పిలిచే ముసలామె గొర్రెల దొడ్డి మాత్రం గొర్రెలతో సహా కొట్టుకుపోయింది. మొన్న మీటింగులో ఆమె అందరి వెనక నిలబడే ఉండింది, నోరు విప్పలేదు. ఆమె కోడలు మా తమ్ముడి చేలోకే కూలికొస్తుంది మరి. ఎవరూ రాసిపెట్టని మాటకు రెండు దరులూ కట్టుబడిన కాలం మా అవ్వది. ఇప్పుడు మైకులున్నాయి, మీటింగులున్నాయి. కట్ట తీయాలా వద్దా అని చేనున్న మా తమ్ముణ్ణి అంతగా బతిమాలినారే, గొర్రెలు పోయిన ఆమెను ఒక్క మాట అడగాలని ఎవరికీ ఎందుకు తోచలేదు?