పట్టు తప్పుతున్న చేతులు

ఆ కాన్పుల ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకు తొలి స్నానం చేయించేది ఆమే. అందరూ పెద్దాయా అని పిలిచేవారు. ఎడమ చేతిమీద ఆనించుకుని నీళ్లు పోస్తుంటే, గుక్కపట్టిన బిడ్డ కూడా ఊరుకునేది.

మొదట వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. డాక్టరు కీళ్లవాతమని, మందులు ఆపకూడదని చెప్పాడు. చిన్నకూతురి చదువుకు డబ్బు మిగలాలని ఆమె రోజూ వేసుకోవాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంది. ఆమెకు జడ వేయడం మొగుడి వంతయింది. గోడలకు రంగులేసే మొరటు చేతులతో పాపం అతను చిక్కు తీస్తుంటే, జుట్టుక్కూడా సున్నం కొడుతున్నావా అని ఆమె నవ్వేది. ఆడపడుచు మాత్రం పని ఎగ్గొట్టడానికి కొత్త రోగం తెచ్చుకుందని నలుగురిలో అనేసింది. వాపు తగ్గిన రోజున చూపించడానికి ఏమీ ఉండేది కాదు మరి. దాంతో నొప్పి సంగతి ఎత్తడమే మానేసింది. ఆసుపత్రిలోనైతే అసలు నోరు విప్పలేదు.

కానీ స్నానాల గది తలుపు తీసేటప్పుడల్లా వేళ్లు ముడిచి, తెరిచి చూసుకునేది. సబ్బు నురగలో పసివాళ్ల ఒళ్లు ఎంత జారుతుందో ఆమెకు తెలుసు.

ఒక ఉదయం భయపడినంతా అయింది. బిడ్డను తొట్టిలోంచి ఎత్తుతుండగా మణికట్టులో సూది దిగినట్టయి వేళ్లు విడిపోయాయి. ఆమె గబుక్కున కూలబడి బిడ్డను ఒళ్లో పట్టేసుకుంది. బిడ్డ కెవ్వుమంది. దెబ్బేమీ కనిపించలేదు. ఎవరూ చూడలేదు. తుడిచి, గుడ్డలో చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టింది.

"నీ చేతుల్లో ఉంటే నాకు బెంగే లేదు, ఆయమ్మా" అంది ఆ తల్లి.

ఆ మాటకి పెద్దాయా అక్కడ నిలవలేకపోయింది. తిన్నగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్లింది.

"సిస్టరమ్మా, ఇందాక బిడ్డ నా చేతిలోంచి జారింది. ఒళ్లో పడింది కాబట్టి సరిపోయింది. కీళ్లవాతం, వేళ్లు పట్టు తప్పుతున్నాయి. ఇక నాకు పిల్లల్ని ఇవ్వకండి."

హెడ్ నర్సు ముందు డాక్టర్ని బిడ్డ దగ్గరికి పరిగెత్తించింది. బిడ్డకేమీ కాలేదని తెలిశాక, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగింది.

"చెబితే తీసేస్తారని."

తీసెయ్యలేదు. తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ల చీటీలు చూసి లోపలికి పంపే పనిచ్చారు, సగం జీతానికి. చిన్నకూతురు చదువు ఆపి బట్టల కొట్లో చేరింది. తల్లిని ఒక్క మాటా అనలేదు. అలా అనకపోవడమే ఆమెను మరింత బాధపెట్టింది.

ఒకరోజు ఒక బాలింత మందులు తెచ్చుకోవాలని, కాసేపు పాపను పట్టుకోమని అందించబోయింది. పెద్దాయా చేతులు వెనక్కి పెట్టుకుని అడుగు వెనక్కి వేసింది. బాలింత ముఖం మాడిపోయింది. వరసలో కూర్చున్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. పెద్దాయా చేతులు ముందుకు చాపి చూపించింది.

"ఇష్టం లేక కాదమ్మా. నా చేతులకి పట్టు లేదు. పడేస్తాను."

అంతమందిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. బాలింత ఆ వేళ్లకేసి చూసి, పాపను బెంచీ మీద గోడవైపు పడుకోబెట్టి వెళ్లింది. పెద్దాయా అంచున కూర్చుని ఒంటిని అడ్డం పెట్టింది. ఆ తల్లి తిరిగొచ్చేదాకా కదల్లేదు.