కొరియా డాక్టరు మా ఊరొచ్చిన ఎపిసోడ్

దెయ్యాల సంగతి నా దగ్గర ఒకసారి ఎత్తినవాళ్ళు రెండోసారి ఎత్తరు. మొదటిసారికే అంత గట్టిగా తగులుకుంటాను. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా గాలి సోకిందనో, ఎవరో ఏదో చేయించారనో మొదలుపెడితే, ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అంతకుముందు ఏం తిన్నారు అని అడిగి అడిగి, వాళ్ళ నోటితోనే "ఏమో మేడమ్, ఎవరో అంటే విన్నాను" అనిపిస్తాను. దీనివల్ల నాకు మంచి పేరేమీ రాలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఆ మనిషే. ఇందులో దెయ్యం లేదు, చీకటి లేదు. పట్టపగలు, ట్యూబులైట్ల కింద, ఏసీ గదిలో, మనుషుల మధ్య జరిగింది.

మా వదిన పేరు నీలవేణి. మా అన్నయ్య భార్య. వాళ్ళది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కొద్దిగా కొబ్బరి, కొద్దిగా జీడి. ఆవిడకి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే, అది వార్త కాదు. పెళ్ళిలో ఎదురుపడ్డవాళ్ళు భోజనం అయిందా అని అడిగినంత మామూలుగా క్రియాటినిన్ ఎంతుంది అని అడుగుతారు. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరెవరో వచ్చారు. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, సంచుల్లో మట్టి పట్టుకెళ్ళారు, మా చేతుల్లోంచి రక్తం పట్టుకెళ్ళారు. పట్టుకెళ్ళినవాళ్ళే గానీ తిరిగొచ్చి ఇదిగో ఇదీ అని చెప్పినవాళ్ళు లేరు.

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి షిఫ్టులో వదినకి డయాలసిస్. అన్నయ్య ఆటోలో మా ఇంటిదాకా తీసుకొచ్చేవాడు. నేను స్కూటీ మీద డయాలసిస్ సెంటర్లో దించి కాలేజీకి వెళ్ళి, మధ్యాహ్నం మళ్ళీ వచ్చేదాన్ని.

నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ నాలుగు గంటలకీ మా వదిన ఒక కొరియా సీరియల్ పట్టుకుంది. తెలుగు మాటలతో వస్తుంది. ఒక సన్నటి డాక్టరు, ఎవరికీ అంతుపట్టని రోగాలకి కారణం కనిపెడుతుంటాడు. వదిన తన ఫోన్ని జడ రిబ్బనుతో సెలైన్ స్టాండుకి కట్టించేది. పక్క బెడ్ల ఆడవాళ్ళు ముగ్గురూ తలలు తిప్పి చూసేవారు. సీరియల్లో వాళ్ళ పేర్లు నోరు తిరగక డాక్టరుకి సన్నిబాబు అనీ, ల్యాబులో అమ్మాయికి కళ్ళజోడు పద్మ అనీ పేర్లు పెట్టేసుకున్నారు.

నాకు ఆ సీరియలంటే ఒళ్ళుమంట. రోగం ఎక్కడిదో యాభై నిమిషాలు తెలియదు, చివరి పది నిమిషాల్లో తెల్లబోర్డు మీద రాసేస్తాడు. ఒకరోజు అనేశాను, గంటలో తేలే రోగాలకి మీరు నోళ్ళు తెరుచుకుని చూడడమేమిటని.

"ఆడు కనిపెడతాడే మేస్టారమ్మా," అంది వదిన. నన్నలాగే పిలిచేది, వెక్కిరింపుగా. "మనకాడ ఎవుడు కనిపెట్టినాడు సెప్పు. ఆడొక్కడైనా కనిపెడతన్నాడు."

ఆ మాట వెనక శ్రావణి ఉంది. మా మేనకోడలు, వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల. డిగ్రీ చేసి టెక్కలిలో ఒక బట్టల షాపులో బిల్లింగు చూస్తోంది. ఆ వేసవిలో ఊళ్ళో అందరికీ పరీక్షలు చేసినప్పుడు దాని క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు వచ్చింది. ఉండాల్సినదానికి కొంచెమే పైన. వదినకీ అక్కడే మొదలైంది. "నా కత ఎలాగా అయిపోనాది," అనేది. "దానికి ఏటి వల్ల వొత్తందో తెలిస్తే ఇప్పుడే ఆపుదుం గదా." తనకి ఏమవుతుందో అని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. ఇది మాత్రం వారానికి మూడుసార్లు అడిగేది.

ఇంకో సంగతి చెప్పాలి. మెషీన్ ఆపాక చేతిలోంచి లావుపాటి సూదులు తీసి, అక్కడ దూది ఉండ పెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. లేకపోతే రక్తం చిమ్ముతుంది. వదిన చేయి నేనే నొక్కేదాన్ని. సీరియల్ మధ్యలో నిద్రపోయినవాళ్ళకి, మెలకువగా ఉన్నవాళ్ళు మిగతా కథ చెప్పేది ఆ పది నిమిషాల్లోనే. అది వాళ్ళ నలుగురికీ అలవాటు. ఎక్కువసార్లు చెప్పేది వదినే. బాగా చెప్పేది కూడా.

మొదటి సీజన్ అయిపోయింది. కొత్త సీజన్ వస్తోందని ఫోనులో బొమ్మలు వేస్తుంటే వదిన పండక్కి ఎదురుచూసినట్టు చూసింది. ఆ సోమవారం పొద్దున ఇంటి దగ్గర ఫోను గచ్చు మీద పడి అద్దం పగిలింది. నేను వదినని సెంటర్లో దించి, ఆ ఫోను నా బ్యాగులో వేసుకుని, బస్టాండు దగ్గర మొబైల్ షాపులో ఇచ్చాను. రేపు రండి అన్నాడతను, చీటీ రాసిచ్చాడు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మధ్యాహ్నం వెళ్ళేసరికి సూదులు తీస్తున్నారు. నేను గ్లౌజు వేసుకుని దూది మీద వేళ్ళు పెట్టానో లేదో, వదిన మొదలుపెట్టింది. మామూలుగా డయాలసిస్ అయ్యాక ముఖం వేలాడిపోయేది. ఆ రోజు కళ్ళు మెరుస్తున్నాయి.

కొత్త సీజన్ మొదటి కథ చూశామంది. సన్నిబాబు ఒక సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళాడట. అంతా ఇసక నేల. ఇంటికొకరు కాళ్ళు వాచి మంచాన పడి ఉన్నారట. అతనికంటే ముందు వచ్చినవాళ్ళంతా సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారట. ఇతను పట్టుకెళ్ళలేదట. ఒక ఇంట్లో గుమ్మం దగ్గర పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కూచుని, ఆ ఇంటావిడ ఏం చేస్తే అది చూస్తూ ఉన్నాడట. కొబ్బరిచెట్ల కింద...

అక్కడ అడ్డుపడ్డాను. "కొరియాలో కొబ్బరిచెట్లేమిటి వదినా? అది చలిదేశం."

"ఉన్నాయి. నాను సూసేను."

"ఏ చెట్లు చూసి ఏమనుకున్నావో."

"కొబ్బరిసెట్టు నాకు తెలదేటే? జీడిసెట్లు కూడా ఉన్నాయి."

"ఇంకేం, పలాస జీడిపప్పు బస్తాలు కూడా ఉన్నాయేమో. కంచిలి ఆటోలు తిరుగుతున్నాయా?"

పక్క బెడ్డు దాలమ్మ కిసుక్కున నవ్వింది. వదిన మొహం ముడుచుకుంది. నేను ఆపానా? ఆపలేదు. అక్షాంశాలు చెప్పాను. ఉష్ణోగ్రతలు చెప్పాను. ఏ చెట్టు ఎక్కడ బతుకుతుందో, ఇంటర్ పిల్లలకి కూడా చెప్పనంత వివరంగా చెప్పాను. పది నిమిషాలు అయిపోయాయి. టెక్నీషియన్ వచ్చి ప్లాస్టర్ వేశాడు.

"అసలు కత సెప్పనియ్యవు గదా," అంది వదిన, చెప్పులు వెతుక్కుంటూ. "ఆడు కనిపెట్టినాడు. బోర్డు మీద రాసినాడు. ఏటి రాసినాడో నీకు సెప్పను పో."

స్కూటీ మీద నా భుజం పట్టుకోకుండా వెనక కమ్మీ పట్టుకుని కూచుంది. మా గేటు దగ్గర అన్నయ్య ఆటో ఎక్కుతూ, కోపం కొంచెం తగ్గి, "ఎల్లుండి సెప్తానులే. నోరు మూసుకుని వింతానంటేనే," అంది. నాతో ఆవిడ అన్న ఆఖరిమాట అది.

మంగళవారం సాయంత్రం షాపులో ఫోను తీసుకుంటున్నప్పుడు తట్టింది. ఫోను ఇక్కడుంటే వాళ్ళు నిన్న చూసింది దేంట్లో? వేరే ఎవరి ఫోనులోనో అయి ఉంటుంది అనుకున్నాను. అన్నయ్యకి ఫోన్ చేసి వదినని అడగొచ్చు. చేయలేదు. నేనే ముందు ఫోన్ చేస్తే తగ్గినట్టవుతుంది కదా. బుధవారం సెంటర్లో అడుగుదాంలే అనుకున్నాను.

బుధవారం తెల్లవారేసరికి వదినకి ఆయాసం ఎక్కువైంది. ఆటో మందస రోడ్డు కూడా దాటకుండానే ప్రాణం పోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక, కొన్ని వారాలకి కొత్త సీజన్ వచ్చింది. మళ్ళీ చదవండి ఆ వాక్యం. కొత్త సీజన్ వదిన పోయాక వచ్చింది. మొదటి ఎపిసోడ్ ఒక రైలు డ్రైవరు గురించి, అతనికి రంగులు కనపడడం మానేస్తాయి. నేనూ శ్రావణీ మొత్తం సీజన్ చూశాం. సముద్రం ఒడ్డు ఊరు ఎక్కడా లేదు. పాత సీజన్ మళ్ళీ మొదటి నుంచి చూశాను. లేదు. ఇంకెవరైనా తీసిన అలాంటి సీరియళ్ళు ఏమున్నాయో అవీ చూశాను. కొబ్బరిచెట్లు కూడా లేవు. ఆ మాటకి నేనే గెలిచాను.

ఒక సోమవారం సెలవు పెట్టి సెంటరుకి వెళ్ళాను. డయాలసిస్‌లో ఒక్కోసారి బీపీ పడిపోయి మగతలో ఏవేవో కనిపిస్తాయి. వదినకి అలాంటిదే వచ్చి ఉంటుందని నా లెక్క. అది తేల్చుకుని వచ్చేద్దామని వెళ్ళాను.

దాలమ్మ నన్ను చూసి ముందు ఏడ్చింది. తర్వాత నేను ఏమీ అందించకుండానే, ఆ రోజు ఏం చూశారో చెప్పమన్నాను.

"సన్నిబాబు ఊరొచ్చిన కత గదమ్మా. గుమ్మంకాడ కూకున్నాడు పొద్దల్లా. అచ్చం మా ఊరు నాగే ఉన్నాది. ఇది మనకాడే తీసినారేటే అని మీ వొదినని అడిగేను కూడా."

దేంట్లో చూశారని అడిగాను. నాకు పిచ్చా అన్నట్టు చూసింది. "మీ వొదిన ఫోన్లోనే. ఎర్ర రిబ్బనుతో కట్టి నేదూ?"

దాలమ్మది బటన్ల ఫోను. మూడో బెడ్డు ఆవిడ ఫోను ఇంట్లో పిల్లల దగ్గర వదిలి వస్తుంది. నాలుగో ఆవిడ ఆ రోజు రానేలేదు. టెక్నీషియన్‌ని అడిగితే, సౌండు తగ్గించమని ఆ రోజు తనే చెప్పానన్నాడు. ఫోను స్టాండుకి ఎప్పటిలాగే ఉందన్నాడు. ఆ రోజని ఎలా గుర్తుందంటే దాలమ్మకి కాలు పట్టేసింది ఆ రోజే అని కాగితం తీసి చూపించాడు. సోమవారం, పదకొండు నలభైకి అని రాసి ఉంది. నా పర్సులో షాపువాడి చీటీ ఉంది. అదీ ఆ సోమవారానిదే. పగిలిన ఫోను ఆ టైముకి విడదీసి షాపువాడి బల్ల మీద ఉంది. అతన్నీ వెళ్ళి అడిగాను.

అవన్నీ తర్వాత. అప్పుడు నేను దాలమ్మని అడిగింది ఒకటే, బోర్డు మీద ఏం రాశాడు అని.

"నాకు సదువు రాదు గదమ్మా. ఏదో బాస రాసేడు, కింద తెలుగు పడ్డాది. మీ వొదిన సదివింది. అప్పుడే నాకు కాలు పట్టీసింది. ప్రాణం పోతాదనుకున్నాను. ఏటి సదివిందో ఇనపడ్నేదు."

మూడో ఆవిడ అప్పటికే నిద్రలో ఉంది.

దాలమ్మే మళ్ళీ, "సదివి నవ్విందమ్మా," అంది. "'ఓలమ్మ, ఇదేనేటే? రోజూ మన సేతిలోదే గదా' అంది. అది మట్టుకు ఇన్నాను."

మరి తర్వాత అడగలేదా అన్నాను. నా గొంతు కొంచెం లేచినట్టుంది, పక్కవాళ్ళు చూశారు.

"సూదులు తీసినాక సెప్పుద్ది గదా అనుకున్నాను," అంది దాలమ్మ. "అప్పుడు మీరిద్దరూ కొబ్బరిసెట్ల కాడ దెబ్బలాడుకుంటన్నారు. బుదారం అడుగుదునులే అనుకున్నాను."

తనకి ఆ మాటలో తప్పు పట్టే ఉద్దేశం ఏమీ లేదు. అది నాకు బాగా తెలుసు.

తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. రెండోసారికి దాలమ్మ బెడ్డులో వేరే ఆవిడ ఉంది. నేనెవరినీ ఏమీ అడగలేదు.

మగత అంటే, ఇద్దరికి ఒకే మగత ఎలా వస్తుంది, సౌండు తగ్గించమన్న మనిషికి ఏ మగత? అబద్ధం అంటే, ఎవరికి ఏం లాభం? ఇరవై ఏళ్ళు అందరినీ అడిగిన ప్రశ్నలన్నీ నన్ను నేను అడుక్కున్నాను. లేని ఫోనులో, రాని సీజన్లో, తీయని కథ వాళ్ళు ఎలా చూశారో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే అది తెలియకపోయినా ఫర్వాలేదు. బోర్డు మీద ఏముందో తెలిస్తే చాలు. అది నాకు అరచేతి కిందదాకా వచ్చింది. దూది నొక్కి పట్టుకుని, కొబ్బరిచెట్ల గురించి మాట్లాడాను.

శ్రావణి ఇప్పుడు నా దగ్గరే ఉండి టెక్కలికి బస్సులో వెళ్ళొస్తోంది. మొన్నటి రిపోర్టులో ఒకటి పాయింట్ తొమ్మిది. ఇంట్లో ఏది మార్చగలిగితే అది మార్చాను. నీళ్ళు మార్చాను, ఉప్పు మార్చాను, గిన్నెలు మార్చాను, ఒళ్ళునొప్పులకి వేసుకునే బిళ్ళలు పారేశాను. ఊరినుంచి అన్నయ్య పంపే కొబ్బరికాయలు ఎవరికో ఇచ్చేస్తున్నాను. మార్చినదాంట్లో ఆ బోర్డు మీదది ఉందో, మిగిల్చినదాంట్లో ఉందో.

పొద్దున్నే శ్రావణి వంటింట్లో తిరుగుతుంటుంది. పళ్ళపొడి అరచేతిలో వేసుకుంటుంది, గ్లాసు కడుక్కుంటుంది, బియ్యం ఏరుతుంది, పొయ్యి తుడుస్తుంది. నేను గుమ్మం దగ్గర కూచుని దాని చేతులే చూస్తుంటాను.

"ఏటత్తా, అలగ సూత్తావు?" అంటుంది.

ఏం లేదంటాను.