నీళ్ల తీగ మీద మొదటి కోత

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా కొండ మీద ఎవరూ లేరు. ఇప్పుడు మోకాళ్లు కూర్చోబెట్టాయి గానీ, మనసు మాత్రం ఇంకా గుమ్మంలో చెప్పులేసుకునే ఉంటుంది. ఆ తొందర నాకు మా అమ్మ నుంచి వచ్చింది. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, పూర్తిగా వేరు. కొంప అంటుకున్నా ఆవిడ ముందు నీళ్లెక్కడున్నాయో చూసుకుని గానీ లేచేది కాదు. ఇంట్లో ఆ ఇద్దరికీ రోజూ చిటపటలే.

అప్పటికి మా కొండలకు రోడ్డు లేదు. అరకు దాకా రైలొస్తుందని ఎవరైనా అని ఉంటే పగలబడి నవ్వేవాళ్లం. ఎండాకాలంలో ఒకనాడు మామ్మ, అమ్మ, నేను, మూడేళ్లు నిండని మా తమ్ముడు డుంబ్రిగుడ సంతలో ఉప్పు తీసుకుని ఇంటికి కొండ ఎక్కుతున్నాం. సంతలోనే తమ్ముడికి ఒళ్లు కాలిపోతోంది. ఎండ తగ్గాక బయలుదేరదామని మామ్మ అంది, అమ్మ వింటేనా! వాణ్ని వీపున కట్టుకుని పరుగులాంటి నడక నడిచింది. ఆ ఊపులో ఆమె భుజాన వేలాడుతున్న ఎండు ఆనపకాయ బుర్ర బండకు తగిలి పగిలింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ నేలపాలు. సగం దారిలో గెడ్డ, అదే కొండవాగు, ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాం. తీరా చూస్తే గెడ్డలో రాళ్లు తప్ప తడి లేదు.

అప్పటికి తమ్ముడు ఏడుపు మానేశాడు. అదే మమ్మల్ని హడలగొట్టింది. వాడి నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు తేలేస్తున్నాడు. ఇల్లు చూస్తే కొండకు అవతల. నేను ఒక్కచోట నిలవలేక పొదల్లోకీ బయటికీ పరుగులు పెడుతుంటే, ఒక చెట్టును పట్టుకుని పైకి పాకిన నీళ్ల తీగ కనబడింది. నా చేతి మందాన ఉంది. గట్టిగా అరిచాను.

ఆ తీగ నరికితే నీళ్లొస్తాయని మా అమ్మ వినడమే గానీ, ఎన్నడూ నరికి ఎరగదు. బిడ్డను మామ్మ ఒడిలో వేసి, కత్తి తీసుకుని పరుగెత్తింది. "ఓలమ్మీ, ఆగవే!" అని మామ్మ కేకేసేలోపే మోకాలెత్తున ఒక్క వేటు వేసింది. నేను దోసిలి పట్టాను. నాలుగు చుక్కలు రాలాయి, అంతే. అమ్మ తీగను ఊపింది, పిండింది, నోరు పెట్టి పీల్చింది. మామ్మ వచ్చి చూసి, "పైకి లాగేసుకున్నాది," అంది.

అమ్మ అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. "నా సేతుల్తో నానే సంపేసుకుంటన్నాను అత్తా!" బుర్ర పగిలింది ఆమె తొందర వల్లే, తీగ పాడైందీ ఆమె తొందర వల్లే. ఇక మామ్మ దులిపేస్తుందనుకున్నాను.

మామ్మ బిడ్డను భుజాన వేసుకుంది. చుట్టూ కలియజూసింది. కాస్త దిగువన ఇంకో తీగ ఉంది. కనుచూపు మేరలో అదొక్కటే. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, కత్తి మళ్లీ అమ్మ చేతిలోనే పెట్టింది.

"నా వల్ల కాదు అత్తా. నువ్వే నరుకు."

"నువ్వే నరకాల. ముందు పైన, సెయ్యెత్తినంత ఎత్తున. ఆకులు ఎండలో కూకుని నీరు లాగతుంటాయి. ఆ లాగే దారి ముందు తెంపు. అప్పుడు కింద. బేగి!"

నాకైతే ఆ కత్తి లాక్కుని మామ్మకు ఇచ్చేయాలనిపించింది. ఉన్నది ఒక్క తీగ, అమ్మ ఇందాకే ఒకటి పాడుచేసింది! అమ్మ కళ్లు తుడుచుకుని, మునివేళ్ల మీద లేచి పైన నరికింది. వెంటనే వంగి కింద నరికింది. మామ్మ తమ్ముడి తల పట్టుకుంటే, అమ్మే ఆ ముక్కను వాడి నోటి మీదికి దించింది. ధార కట్టింది నీరు! వాడు ఒక గుటక వేశాడు. ఇంకొకటి వేశాడు. ఆపైన కొండ అదిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. ఆ ఏడుపు విని మేం ముగ్గురం నవ్వాం.

వానలు పడ్డాక అదే దారిన పోతూ చూశాం. కోతకు పైనున్న తీగ ఎండి చెట్టుకు వేలాడుతోంది గానీ, కింద మొదలు దగ్గర లేత చిగుళ్లు లేచాయి. ఆకే లేకుండా ఎలా బతికిందని మామ్మను అడిగాను.

"ఆకులు ఉట్టినే నీరు తాగుతాయేటే గుంటా? ఎండలో కూడొండి, తొక్క ఎంట ఏరుకి దింపుతాయి. ఏరు దాసుకున్నాది. ఇప్పుడు అదే తిని లెగిసింది," అంది.

నీరు లోపలి కర్రలోంచి పైకి పోతుందనీ, కూడు తొక్కలోంచి కిందికి వేరుకు దిగుతుందనీ బడి ముఖం చూడని నేను ఆవేళ తెలుసుకున్నాను. అమ్మ మాత్రం వంగి ఆ చిగుళ్లను నిమురుతూ ఉండిపోయింది. ఆమె అంతసేపు ఒక్కచోట ఉండటం నేనెరగను.

తమ్ముడు ఇప్పుడు మనవల్ని ఎత్తుకున్నాడు. ఆ రోజు వాడికి గుర్తే లేదు. నాకుంది. మొన్న మా కోడలు అంబలి మాడ్చేసి బిక్కచచ్చి నిలబడితే, గరిటె లాక్కుందామని నా చెయ్యి ఒకటే దురద. ఈ వయసుకీ నాకు నిదానం అబ్బలేదమ్మా, ఏం చేయను! అయినా పళ్ల బిగువున ఆగి, మళ్లీ కాచమని గరిటె ఆమె చేతికే వదిలేశాను. ఒక్క అంబలి కుండకే నాకింత కష్టమైంది. ఆ రోజు మామ్మ ఒడిలో ఉన్నది మనవడు. ఆవిడే నరికి ఉన్నా తమ్ముడు బతికేవాడే. మా అమ్మ మాత్రం జన్మంతా ఆ మొదటి తీగ దగ్గరే కూలబడి ఉండేది.