చరణానికీ చరణానికీ మధ్య

డోన్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా ఒడిలో బైబిలూ, మా చర్చి సంఘానికి కొన్న హెడ్‌ఫోనూ చూసి ఒక పెద్దాయన పక్కన వచ్చి కూర్చున్నాడు.

"వందనాలప్పా. ఒక పాట ఇని చెప్తావా?" అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు.

చనిపోయిన ఆయన భార్య పాడిన కీర్తన అది. పాత ఫోను చెడిపోతే షాపతను పాటను కొత్త ఫోనులోకి ఎక్కించి, అడగకుండానే వెనక చప్పుళ్లన్నీ తీసేసి శుభ్రం చేసి ఇచ్చాడట. పాత రికార్డింగు ఇక లేదు.

"శానా బాగా చేసినాడప్పా," హెడ్‌ఫోనులో ఒకసారి విని అన్నాను. మా సంఘంలో పాటల రికార్డింగు చూసేది నేనే.

"ఇంట్లో అందరూ అదే అంటాండారు. తేడా యాడుండాది, నీ చాదస్తం గానీ అని నగుతాండారు. మా ఇంటామెకు ఆయాసమప్పా. చరణానికీ చరణానికీ నడుమ ఆగి, ఊపిరి పీల్చుకునేది. ఆమె పోయినాక ఎనిమిదేండ్లు పాటలో ఆ సప్పుడు ఇంటేనే నాకు నిద్ర పట్టేది. అది ఉండాదా, సూడు."

కళ్లు మూసుకుని మూడుసార్లు విన్నాను. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"లేదప్పా."

ఆయన ఫోను తీసుకుని తువ్వాలులో చుట్టుకున్నాడు. "నా చెవులే మందమైనాయని చెప్తావనుకుంటి," అన్నాడు.

ఇంతలో ఆయన ఎక్కాల్సిన బండి వచ్చింది.

దేవుని పాటకు అడ్డమని, మా సంఘంలో పాడే అక్కల ఊపిరి చప్పుళ్లను ఇన్నేళ్లూ ఏరి ఏరి తీసేసింది నేనే. ఆ సంగతి ఆ తర్వాత ప్రభువు దగ్గర ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. ఆ పెద్దాయనతో మాత్రం చెప్పలేకపోయాను.