మంచుగడ్డకు బర్మా పెట్టిన పొద్దు

మృగశిర కార్తె మొదలైన రోజు, పొద్దున అయిదు గంటల నలభై నిమిషాలు. నిమిషాలతో సహా ఎందుకు చెబుతున్నానంటే, గడియారం చూడటం నాకు అప్పుడే కొత్త. కొత్త పెళ్లికూతురు మాటిమాటికీ మెట్టెలు చూసుకున్నట్టు నేను మాటిమాటికీ గడియారం చూసేదాన్ని. సరిగ్గా ఆ నిమిషానికి మా వరండాలోని ఫ్రీజరు మూత ఎత్తాను. లోపల ముప్పై కిలోల చేపలు ఒకే ఒక్క బండగా ఉన్నాయి.

ఆ రోజుల్లో నాకు పొగరు ఎక్కువ. ఆ రోజులంటే నా పడుచుదనం అనుకునేరు. కాదు, ఏడెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు యాభై ఆరు. అందరికీ ఇరవైలో వచ్చే తల తిరుగుడు నాకు యాభై ఆరులో వచ్చింది. దానికి కారణం మా వీధి పంతులమ్మ (ఉద్యోగం దిగిపోయాక మధిర వైపు నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న మనిషి). ఊరికే కూర్చోలేక మాబోటి వాళ్లను నలుగురిని పోగేసి అక్షరాలు దిద్దించింది. మిగతా ముగ్గురూ గుణింతాల దగ్గర దిగిపోయారు. నేను దిగలేదు. చదవడం రాగానే ఇక నాకు రాని పని లోకంలో లేదనిపించింది. మూతపడ్డ కూల్‌డ్రింకుల కొట్టు నుంచి పాత ఫ్రీజరు ఒకటి తెచ్చుకుని చేపల వ్యాపారం పెట్టాను. అంతకు ముందు నేను చేపను కొన్నదీ కోసిందీ తిన్నదీ తప్ప అమ్మింది లేదు.

మా ఆయన అక్క, అంటే నా వదిన, నలభై ఏళ్లుగా గోదావరి వంతెన అవతల భద్రాచలంలో చేపలు అమ్మే మనిషి. నా ఫ్రీజరు చూద్దామని వచ్చి, మూత ఎత్తి, వాసన చూసి, మళ్లీ మూత వేసింది. "మరదలా, చేపలమ్ముడంటే కొబ్బరికాయలమ్ముడు కాదు. చేప నీ మాట వినది. దాని మాట నువ్వినాలె" అంది. "నాకు సదువొచ్చు వదినా" అన్నాను. (ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.) "మంచిగనే ఉంది. సదువుతోని పులుసు పెట్టు, వచ్చి తిని పోత" అని చెప్పులేసుకుంది.

అప్పటి నుంచి నాకు పంతం. మృగశిరకు ముందు రోజు ఒక అట్టముక్క తీసుకుని (కాగితాల మిల్లు పక్కనుండే మా సారపాకలో అట్టలకు కరువా) నా చేత్తో రాశాను: 'రేపు మృగశిర. చేపలు ఇక్కడ. పొద్దున ఏడు గంటలకు.' గేటుకు కట్టాను. నలుగురు చదవడానికని నేను రాసిన మొదటి మాట అది. నోటి మాటైతే అనలేదని బుకాయించవచ్చు. నేను చాలాసార్లు బుకాయించాను కూడా. రాసిన మాట అట్లా కాదు, గేటుకు వేలాడుతూనే ఉంటుంది. దాన్ని నమ్మి మా వీధి వాళ్లంతా ఈసారి వంతెన దాటబోమన్నారు. మృగశిర నాడు చేప వండని ఇల్లు మా వైపు ఉండదు. ఆ రోజు చేప తింటే వానాకాలమంతా ఒంటికి ఏ రోగమూ అంటదని నమ్మకం. కాబట్టి ఏడింటికి చేపలు తూచకపోతే, వీధి వీధంతా పులుసు లేకుండా పోవడం ఒక సంగతి, నా మొదటి రాత అబద్ధం కావడం ఇంకో సంగతి. నిజం చెప్పాలంటే నాకు రెండోదే ఎక్కువ బాధ.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగిందంటే, కరెంటును నమ్మకపోవడంలో జరిగింది. ముందు రోజు మధ్యాహ్నం చెరువు నుంచి బొచ్చె చేపలు, రవ్వ చేపలు ఐసుతో వచ్చాయి. వాటిని ఆ ఐసుతోనే పెద్ద టబ్బులో సర్ది, అంచు దాకా నీళ్లు పోసి ఫ్రీజరులో దించి, మీట చివరికంటా తిప్పాను. "అంత తిప్పకే, గడ్డకడ్తయ్" అన్నాడు మా ఆయన. ఆయన మిల్లులో వెదురు లోడ్లు దింపే పని చేసిన మనిషి, చలువ సంగతి ఆయనకేం తెలుసని నేను వినలేదు. నా లెక్క నాకుంది. మృగశిర ముందు గాలిదుమారం లేవకుండా ఉండదు. గాలి లేస్తే మా వీధిలో కరెంటు ఉండదు. రాత్రికి తక్కువలో తక్కువ అయిదు గంటలు పోతుంది. పోయేలోపే చల్లదనం ఎక్కించి పెట్టుకోవాలి. ఇన్నేళ్ల అనుభవం మీద వేసిన లెక్క అది. ఆ రాత్రి ఆకు కదలలేదు. కరెంటు ఒక్క రెప్ప కూడా వేయలేదు. నేను ఫ్యాను కింద హాయిగా నిద్రపోయాను.

ఇద్దరం కలిసి టబ్బును ఎత్తి వరండాలో బోర్లించాం. బండ జారి బయటికొచ్చింది. లోపలి నుంచి బొచ్చెలు నోళ్లు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాయి. గునపంతో పొడుద్దామంటే చేపలు ముక్కలవుతాయి. వేడినీళ్లు పోద్దామంటే పులుసు ఇక్కడే ఉడుకుతుంది. ఎండకు పెడితే మధ్యాహ్నం దాటుతుంది. "అక్కకు ఫోన్ చెయ్యనా?" అన్నాడు మా ఆయన, చాలా మెల్లగా. "చేస్తే నీకు నాకు మాటల్లెవ్" అన్నాను.

అప్పుడే పక్కింటి మిస్త్రీ భాయ్ పళ్లు తోముకుంటూ గోడ మీద నుంచి తొంగి చూశాడు. తలుపులు, మంచాలు చేసే మనిషి. వానలు పడ్డాక రైతుల చేలల్లో జామాయిల్ మొక్కలకు గుంతలు కూడా తీసి వస్తాడు. "అక్కా, గచ్చుకు బండ తెప్పిచ్చినవా?" అన్నాడు. "చేపలు భాయ్" అన్నాను. నురగ ఉమ్మేసి, ఇంకోసారి చూసి, "జర ఆగు" అని లోపలికి పోయాడు. వచ్చేటప్పుడు ఒక చేతిలో వైరు లేని చార్జింగ్ డ్రిల్లు, ఇంకో చేతిలో గుంతలు తీసే బర్మా. నా మోచేయంత పొడవు, పొట్టేలు కొమ్ములా మెలికలు. "మట్టిల దిగేది మంచుల దిగదా? నాలుగు బొక్కలేసి ఉప్పునీళ్లు పోద్దాం. అదే విచ్చుకుంటది" అన్నాడు. మా ఆయనను ఉప్పుకు పంపాను. కొట్టు పది అడుగుల దూరం, ఆయన పావుగంటకు వచ్చాడు. ఎందుకంతసేపని అడిగే తీరిక నాకు లేదు.

భాయ్ డ్రిల్లుకు బర్మా బిగించి, బండ నడుమ ఆనించి, నొక్కాడు. ఒక్క క్షణం మంచు పొడి పొడిగా లేచింది. తర్వాత బర్మా మంచులో చిక్కుకుని ఆగింది, బండ తిరగడం మొదలుపెట్టింది. తడిసిన గచ్చు మీద ముప్పై కిలోల చేపలు తిరగలి రాయిలా తిరిగాయి. "దీని మీద బరువుండాలె" అన్నాడు భాయ్. ఇద్దరం మా ఆయన వైపు చూశాం. "నేను కూసోను" అన్నాడాయన. గోనెసంచి నాలుగు మడతలు వేసి కూర్చోబెట్టాను. "చల్లగున్నదే" అన్నాడు. "మే నెలంతా చల్లదనం లేదని ఏడ్చింది నువ్వేగద" అన్నాను. భాయ్ మళ్లీ నొక్కాడు. ఈసారి బండతో పాటు మా ఆయన కూడా తిరిగాడు. ముందు తూర్పు చూశాడు, తర్వాత గేటు చూశాడు, గేటు దగ్గర స్టీలు గిన్నెతో నిలబడ్డ పంతులమ్మను చూసి లుంగీ సర్దుకున్నాడు.

పంతులమ్మ ముందు నా అట్టను పైకి చదివింది. తర్వాత మా ఆయనను చూసింది. "అక్షరాలు గుండ్రంగా వచ్చాయమ్మా. చేపలేవి?" అంది. "ఆయన కింద ఉన్నయ్ టీచరమ్మా" అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి, చీర చెంగు దోపి, బండకు ఒక వైపు పట్టుకుంది. ఇంకో వైపు నేను కావలించుకున్నాను. నా జన్మలో మా ఆయన కూర్చున్నదాన్ని అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. భాయ్ మూడోసారి నొక్కాడు. బర్మా దిగింది, ఇంకా దిగింది, ఉన్నట్టుండి లోపలి నుంచి నీళ్లు ఎగజిమ్మి భాయ్ గడ్డం తడిపాయి. నడుమ ఇంకా గడ్డకట్టలేదన్నమాట. "అక్కా, బోరు పడ్డది" అన్నాడు భాయ్. మా వైపు బోరు పడితే కొబ్బరికాయ కొడతారు. ఇప్పుడు చేప కొట్టాలేమో అంది పంతులమ్మ.

రెండు బొక్కలు అయ్యాయి. మూడోదానిలో డ్రిల్లు మూలిగి ఆగిపోయింది. చార్జింగ్ అయిపోయింది. గడియారం ఆరు గంటల యాభై నిమిషాలు. గేటు అవతల గిన్నెలు పదయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. భాయ్ మాత్రం నింపాదిగా ఇంకో బ్యాటరీ తెచ్చాడు. "రాత్రంతా కరెంటు పోలే గదక్కా, ఫుల్లున్నది" అన్నాడు. నన్ను ముంచిన కరెంటే నన్ను తేల్చింది. నాలుగు బొక్కలయ్యాయి. ఉప్పునీళ్లు పోశాం, మా ఆయనను దించాం (ఆయన కాసేపు కూర్చున్నట్టే వంగి నడిచాడు), భాయ్ బొక్కల వరస మీద గునపం పెట్టి తట్టాడు. బండ పుచ్చకాయలా విచ్చుకుంది. చేపలన్నీ కడిగినట్టు బయటపడ్డాయి. ఒక్క పెద్ద బొచ్చెకు మాత్రం నడుములో బర్మా బొక్క, అవతల గచ్చు కనిపించేంత.

ఏడు గంటల నాలుగు నిమిషాలకు నేను మొదటి చేప తూచాను. తలెత్తితే గేటులో వదిన, నెత్తి మీద బుట్ట, బుట్ట మీద తడి తువ్వాలు. ఆమె గచ్చు మీది మంచు ముక్కలను, డ్రిల్లును, వంగి నిలబడ్డ తమ్ముణ్ని వరసగా చూసింది. బొక్క పడ్డ బొచ్చెను ఎత్తి, బొక్కలోంచి నన్ను చూసింది. "గిది నాకియ్యి. నలభై ఏండ్లల్ల బర్మా పెట్టిన చేపను చూడలే. మార్కెట్ల చూపెడ్త" అంది. "ఇయ్యాల నీ గిరాకి ఇడిచిపెట్టి ఇటెందుకొచ్చినవ్ వదినా?" అన్నాను. "ఊకెనే వచ్చిన. నీ సదువు చూసిపోదామని" అని, నా అట్ట వైపు తలెత్తి కాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏమని రాసినవ్?" అంది. చదివి వినిపించాను. "అయితే మాట తప్పలే" అని బుట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

ఉప్పుకు పోయినవాడు పావుగంట ఏం చేశాడో సాయంత్రం పులుసు తింటూ ఒప్పుకున్నాడు. అక్కకు ఫోన్ చేశాడు. చేపలమ్మే వాళ్లకు ఏడాదికంతా ఆ ఒక్క పొద్దే పంట. ఆ పొద్దున వదిన తన గిరాకీని వదిలేసి, నా గేటు ముందు నా మాట పోకుండా ఉండటానికి వంతెన దాటి వచ్చింది. అవసరం లేదని చూసి, ఒక్క మాట పైకి రానీయకుండా, బుట్ట మీద తువ్వాలు కప్పుకుని పోయింది. నేనేమో నా గెలుపు చూడటానికి వచ్చిందనుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఇప్పుడు వదినకు మోకాళ్లు పోయాయి. రోజూ నా ఫ్రీజరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, మీట నన్ను ముట్టనీయదు. వీధి వాళ్లు నన్ను బర్మా పెద్దమ్మ అంటారు. నాకు ఆ యాభై ఆరేళ్ల పొగరుబోతు పిల్ల మీద ఎంత నవ్వొస్తుందో అంత ముద్దొస్తుంది కూడా.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లను రాసి పెడుతున్నాను, రాసింది నిలుస్తుంది కనుక. గడ్డం తడుపుకున్న మిస్త్రీ భాయ్. గిన్నె కింద పెట్టి చెంగు దోపిన పంతులమ్మ. గేటు అవతల పది గిన్నెలూ, వాటిని పట్టుకున్న మా వీధి ఆడవాళ్లు పదిమంది. మంచు మీద కూర్చుని నాలుగు దిక్కులూ చూసిన మా ఆయన. గేటు నుంచి విప్పుకున్న అట్టముక్క చంకలో పెట్టుకుని నేను. తడి తువ్వాలు కింద నుంచి రెండు చేప తోకలు బయటికొస్తే చేత్తో లోపలికి నెట్టుకుంటూ పోయిన మా వదిన.